తెగిన చారలు

"పెద్దాయనా, గోడతో ముచ్చట్లేమిటి? కానివ్వండి!"

కాంట్రాక్టరు పొద్దున్నుంచి అలా కసరడం పదోసారి. కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దగ్గరికి వెళ్తాడు, వాచీ చూసుకుంటాడు, మళ్ళీ గోడ దగ్గరికి వస్తాడు.

నాలుగింటికి హోటలు యజమానురాలు వస్తుంది. హాల్లో ఎదురెదురు గోడలు రెండూ పాలరాయిలా కనబడేట్టు పెయింటు వేసి చూపించాలి. నచ్చితే మూడంతస్తుల పనీ తనదే. నచ్చకపోతే, నాలుగు నెలలు ఆమె ఆఫీసు మెట్లెక్కి దిగినందుకు చెప్పుల అరుగుదలే మిగులు.

సరిగ్గా ఈ వారమే అతని పెయింటరు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. గేటు దగ్గర పని అడుగుతూ నిలబడ్డ ఈ ముసలాయన్ని లోపలికి పిలవక తప్పలేదు. ఎవరు, ఎక్కడివాడు అని అడిగే తీరిక కూడా లేకపోయింది.

ముసలాయన ఎడమ గోడ నిన్ననే ముగించాడు. ఇవాళ కుడి గోడ. తెల్లరంగు ఆరకముందే స్పాంజితో అద్దుతాడు. ఈకను బూడిదరంగులో ముంచి, వేళ్ళ మధ్య దొర్లిస్తూ నాలుగు చారలు లాగుతాడు. వెనక్కి వచ్చి చూస్తాడు. మళ్ళీ రెండు చారలు, మళ్ళీ చూపు.

"తడి చూసుకోవాలి బాబూ" అన్నాడు నెమ్మదిగా.

ఊరికే నిలబడలేక కాంట్రాక్టరు ఎడమ గోడ దగ్గరికి నడిచాడు. రాతి పలకలు అతికించినట్టు సన్నటి గీతలు గీసి ఉన్నాయక్కడ. వంగి ఒక గీతని దగ్గరగా చూసి, ముసలాయన్ని కేకేశాడు.

"ఇదేంటండీ? చార ఈ గీతదాకా వచ్చి తెగిపోయింది. పక్క పలకలో ఎక్కడో మోకాలెత్తున మొదలైంది!"

"తెగాలి బాబూ. అది వేరే పలక."

"ఏ పలక? ఉన్నది ఒకటే గోడ. గీతలు గీసింది మీరే!"

"కునుకు తీస్తూ లాగి ఉంటాడు బావా" అన్నాడు పక్కనే ఉండి పని చూస్తున్న అతని బావమరిది.

"మేడమ్‌వి డేగకళ్ళు. పని రానివాణ్ణి పెట్టానని తిప్పి పంపుతుంది. పెద్దాయనా, చారలన్నీ కలిపెయ్యండి."

"కలిపితే రంగైపోతుంది. ఇప్పుడది రాయి."

"నాకు వేదాంతం చెప్పకండి. కలుపుతారా, లేదా?"

"నా చేత్తో కలపను బాబూ."

గంట రెండు దాటింది. కాంట్రాక్టరు ఆయన కూలి ఆయన చేతిలో పెట్టి గేటు చూపించాడు.

ముసలాయన ఈక కడిగి సంచిలో పెట్టుకున్నాడు. "ఎడమ గోడకి వార్నిష్ ఇంక వెయ్యకండి. ఒక్క పూత చాలు. రెండోది వేస్తే అద్దంలా మెరిసి, పెయింటని తెలిసిపోతుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

బావమరిది బ్రష్ అందుకుని కుడి గోడ మీద చారలన్నీ ఈ మూలనుంచి ఆ మూలకి కలిపేశాడు. ఎడమ గోడ మీదికి తిరిగేలోపే కారు హారన్ వినబడింది. యజమానురాలు అరగంట ముందే వచ్చేసింది.

ఆమె కుడి గోడ చూసింది. "పెయింటు బాగానే ఉంది."

పెయింటు అన్న ఒక్క మాటకి కాంట్రాక్టరు గబగబా ఎడమ గోడకి అడ్డం నిలబడబోయాడు.

ఎడమ గోడ దగ్గర ఆమె ఆగింది. "ఇదేంటి, ఇక్కడ రాయి అతికించారు? నేను అడిగింది పెయింటు కదా!"

"అదీ పెయింటే మేడమ్."

ఆమె నమ్మలేదు. అరచెయ్యి ఆనించింది. గోటితో గీకింది. గోరు సందున తెల్లరంగు పొడి చూసుకుని కాంట్రాక్టరు వైపు తిరిగింది.

"ఎవరు వేశారు?"

"మా మనిషే మేడమ్."

"మూడంతస్తులూ ఈ చెయ్యే వెయ్యాలి. రేపు ఆయన్ని తీసుకొస్తేనే సంతకం. మరి ఆ గోడ?"

"అది... మా బావమరిది."

"ఆయన్ని గేటుకి రంగు వెయ్యమనండి."

వాచ్‌మన్ చెప్పిన ఇంటి గుర్తులు పట్టుకుని కాంట్రాక్టరు బస్టాండు వెనక సందులోకి పరుగెత్తాడు. చిన్న గది తలుపు తీసింది ముసలాయన భార్య.

"మూడు గంటల బస్సెక్కాడు నాయనా. పై ఊళ్ళో కొత్త ఆసుపత్రి గోడలన్నిటికీ ఇలాగే వెయ్యడానికి రమ్మని రెండ్రోజులుగా ఒకటే ఫోన్లు. మీ పని ముగియందే రానన్నాడు. మీరు పంపేశారుగా, ఒప్పేసుకున్నాడు. ఏడాది పని."

"ఒక్కసారి ఫోన్ చేసి వెనక్కి రమ్మనండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

"మాటిచ్చాక తిరగడు."

కాంట్రాక్టరు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "ఇంతకీ ఈ పెయింటింగు ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా?"

"ఆయన పెయింటరు కాదు నాయనా, ముప్పై ఏళ్ళు పాలరాతి గనిలో పలకలు కోసినవాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి, ఇక రాయి ముట్టొద్దని డాక్టరు చెప్పాక, రాయి మీద బెంగతో ఈక పట్టుకున్నాడు."