రెండోసారి ఎవరు లేపుతారు

"నీ తుంటి ఎముకకి చిల్లు పెడితే మళ్లీ రక్తం ఆడుతుందేమో చూద్దామన్నాడుగా ఆ మొదటి డాక్టరు. కీలు మొత్తం ఎందుకు మార్చడం?" కారు కిందనుంచి వచ్చింది మెకానిక్కు గొంతు.

ఎక్స్‌రే పట్టుకుని షెడ్డులో ఒంటికాలి మీద నిలబడ్డ అతని భార్యకి ఒళ్లు మండింది. నెలరోజులుగా ఇదే పాట. మొహం చూసి పోట్లాడదామంటే కనిపించేవి రెండు పాదాలే.

"చిల్లు పెట్టినా ఎముక నిలుస్తుందన్న నమ్మకం లేదని ఆయనే అన్నాడు. కీలు మారిస్తే నేను నడుస్తానని ఇద్దరు డాక్టర్లూ చెప్పారు. మీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే."

"పుట్టుకతో వచ్చిన పార్టుని ఊరికే విప్పకూడదు."

"అందరి బండ్లకీ కొత్త పార్టులు బిగిస్తారు. పెళ్లాం దగ్గరికొచ్చేసరికి ఈ నీతులా?"

స్పానరు చప్పుడు ఆగింది.

"కొత్త కీలు ఇరవయ్యేళ్లకి అరిగిపోవచ్చట. మళ్లీ కోయాలట. అప్పటికి నాకు డెబ్బై అయిదు. ఆస్పత్రిలో నిన్ను లేపి నడిపించడానికి నేనుంటానో లేదో."

ఇన్నాళ్లూ ఆమె దీన్ని మొండితనమే అనుకుంది. అయినా కోపం మళ్లీ రాజుకుంది.

"డెబ్బై అయిదేళ్లప్పుడు లేపాల్సింది మిమ్మల్ని. ఏ తుంటితో లేపమంటారు?"

అతను కారు కిందనుంచి బయటికి జరిగి, అలవాటు కొద్దీ లేపమని ఆమెకి చెయ్యి చాచాడు. సగంలో గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. బంపరు పట్టుకుని మూలుగుతూ తనే లేచాడు.

"మార్పించేద్దాం పద," అన్నాడు.