వీపు లేని కథానాయిక

ఇప్పుడు నటులెవరూ సెట్టుకు వెళ్ళరు. పాత సినిమాల్లోంచి తీసిన వాళ్ళ రూపాలే తెరమీద నటిస్తాయి. డెబ్బై ఏళ్ళ కుముదిని వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, లోపల టీవీలో పాతికేళ్ళ కుముదిని ఏడుస్తోంది.

సీరియల్ కంపెనీ నుంచి వచ్చిన శ్రావ్య మొహమాటపడుతూ చెప్పింది. "మేడమ్, మీ రూపం గదిలోంచి బయటికెళ్ళాలంటే మనవైపే చూస్తూ వెనక్కి నడుస్తోందండీ. మీ వీపు కనిపించే షాటు ఒక్కటీ దొరకలేదు."

కుముదిని పకపకా నవ్వింది. "ఎలా దొరుకుద్దే పిల్లా? బెజవాడ చీరల కొట్టుకి మోడలింగ్ చేసేదాన్ని. ఏ సైజు పిల్లకైనా అదే జాకెట్టు. వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాళ్ళు. అవి కనబడతాయన్న భయంతో, తర్వాత సినిమాల్లో ఎన్ని టేకులు తిన్నా అటు తిరగలేకపోయా."

"ఒక్కసారి అటు తిరిగి నాలుగడుగులు వేయండి చాలు. ఇక మిమ్మల్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టం."

కుముదిని చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. క్లిప్పులు పెట్టే మస్తానమ్మ చల్లటి వేళ్ళు వీపుకు తగిలినట్టయింది. 'కదలకే, బంగారం' అనేది మస్తానమ్మ.

"కాఫీ తెస్తా, ఉండు" అంటూ లేచింది. శ్రావ్య గబుక్కున కెమెరా ఎత్తింది.

కుముదిని ఆమెకేసి చూసి నవ్వుతూ, మడమతో గడప తడుముకుంటూ, వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.