తిన్నాక చెప్పే కబురు

పొయ్యి దగ్గర్నుంచి నీళ్ల డ్రమ్ము దాకా ఇంట్లో ప్రతి వస్తువూ వార్తలు చదివి వినిపించే రోజులవి. వాటిని నడిపే ఊరి యాప్‌లోకి ఏ న్యూస్‌ఫీడ్ రావాలన్నా నీలవేణే కలపాలి. చేపల వేటకెళ్లినవాళ్ల కబుర్లు కావాలని ఊరంతా అడిగితే, కిందటి వారమే పడవల ఫీడ్ కలిపింది.

ఈ ఉదయం ఆ ఫీడ్‌లోనే దానయ్య పడవ మునిగిందనీ, శవం దొరికిందనీ వచ్చింది. నీలవేణి వెంటనే ఫీడ్‌ను తీసేసింది. చావు కబురు చెప్పేముందు ఆ ఇంటి మనిషికి కడుపునిండా పెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. విన్నాక ఇక ముద్ద దిగదు కదా.

అన్నం, పప్పుచారు పట్టుకుని దానయ్య భార్య, తనకు వరసకు అత్తయ్యే సూరమ్మ ఇంటికెళ్లింది.

"ఏటే కోడలా, ఇయాలేనా ఉప్పేసినావా?" అంది సూరమ్మ తలెత్తకుండానే.

"ఏసినానత్తా. ముందు తిను."

సూరమ్మ పీట వాల్చుకుని కూర్చుంది. మారు వడ్డించినా వద్దనలేదు. మెతుకు మిగల్చకుండా నెమ్మదిగా తింది. పొయ్యి మాట్లాడటం లేదు. వేళకే తీసేశానని నీలవేణి మనసు కాస్త కుదుటపడింది.

సూరమ్మ కంచంలోనే చెయ్యి కడుక్కుంది.

"తినీసినాను. ఇంక సెప్పు," అంది.

నీలవేణి ఎంగిలి కంచం అందుకోబోయింది.

"పొద్దున్న పొయ్యి సెప్పిందే. అది మనిషి కాదు కదా, దాని ముందేటి ఏడుస్తాను? ఎవులో ఒకులు రాకపోతారా అని కూకున్నాను. నువ్వు సెప్పు తల్లీ, ఏడుస్తాను."