లేని మెట్లు

కొట్లాటల్లోనో ఇంట్లో దెబ్బలకో చనిపోయినవాళ్ళ పాత కాగితాలు తిరగేసి, చావుకి ముందు ఏం జరిగిందో రాసిపెట్టడం ఆసుపత్రిలో నా ఉద్యోగం. దెబ్బలతో వచ్చినవాళ్ళ కాగితాలు రాసేదీ నేనే. భర్త చేతిలో పోయిన ఆడవాళ్ళలో చాలామంది అంతకుముందే రెండుసార్లు మా దగ్గరికి వచ్చి ఉంటారు. కారణం అన్నచోట ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది: జారిపడింది. జ్వరానికి మల్లే ఈ చావుకీ ముందు లక్షణాలుంటాయని, అప్పుడే పట్టుకుంటే ప్రాణం దక్కుతుందని పెద్దడాక్టరుకి పట్టిక వేసి చూపించింది నేనే.

ఆ రాత్రి రికార్డు గదిలో ఒక్కదాన్నే కూర్చుని జారిపడ్డవాళ్ళ కట్ట విప్పాను. మా చెల్లెలి కాగితాలు రెండు చేతికొచ్చాయి. రెండింట్లోనూ రాత నాదే.

"పరువు పోతుందక్కా, మెట్ల మీంచి పడ్డానని రాసెయ్యవా" అని రెండుసార్లూ కాళ్ళావేళ్ళా పడింది. సొంత చెల్లెలి దగ్గరికొచ్చేసరికి నా పట్టికని గాలికొదిలేశాను.

దానికి ఫోన్ చేశాను. ఎంతసేపటికో మరిది ఎత్తాడు. వెనక బకెట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు.

"ఇంత రాత్రప్పుడు ఏం కడుగుతున్నావు? ఫోన్ దానికియ్యి. ఒక్క మాట మాట్లాడించు, నీకు దణ్ణం పెడతాను."

బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు. అతను కొళాయి కట్టెయ్యలేదు.

"మళ్ళీ మెట్ల మీంచి జారిపడింది వదినగారూ," అన్నాడు మెల్లగా. "తీసుకొస్తున్నా. కాగితం మీరే రాస్తారుగా?"

వాళ్ళింటికి మెట్లే లేవు. ఉన్నవల్లా కాగితం మీద నేను కట్టినవే.