పావుగంట ముందు

కారు సరిగ్గా సిగ్నల్ దగ్గర ప్రాణం విడిచింది.

వెనకున్న బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు అందుకున్నాయి. లోపల అత్తగారు కళ్లు మూసుకుని ఆయాసపడుతోంది. స్టీరింగ్ ముందున్న కోడలు గబగబా తాళం అందుకుంది.

తాళం తిప్పితే దగ్గింది. మళ్లీ తిప్పితే తుమ్మింది. అయిదారుసార్లు బతిమాలితే గానీ కదల్లేదు.

ఆసుపత్రికి చేరేసరికి డయాలసిస్ మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. ఒళ్లంతా నీరు పట్టి పెద్దావిడ ఊపిరి కోసం పెనుగులాడుతుంటే, చూడటం కోడలి వల్ల కాలేదు.

"మంగళవారమూ ఇంతే, ఇవాళ గురువారమూ ఇంతే," అంది నర్సు. "ఇంకోసారి ఇలా ఆలస్యమైతే ఆవిడ తట్టుకోలేదమ్మా."

వారానికి మూడుసార్లు ఆ ప్రయాణం తప్పదు. పాత కారైనా సరేనని కొన్నది అందుకే. ఆమె భయపడుతూ డ్రైవింగ్ నేర్చుకున్నదీ అందుకే.

ఆడపడుచు భర్తకు మెకానిక్ షెడ్డు ఉంది. మర్నాడు బండిని అక్కడికి తీసుకెళ్లింది. తీరా ఆయన ముందు అది, డాక్టర్ని చూడగానే నొప్పి మాయమైన రోగిలా బుద్ధిగా పనిచేసింది.

"దారిలో రెండుసార్లు ఆగిందన్నయ్యా! ఒట్టు!"

"నువ్వు అబద్ధం చెప్పట్లేదు చెల్లెమ్మా, ఇదే చెబుతోంది. వేడి మీదున్న ఇంజను నిజం చెప్పదు," అన్నాడు మెకానిక్. "రాత్రంతా చల్లారనీ. రేపు పొద్దున్నే నేనొస్తా. అప్పటిదాకా ఎవరూ తాళం తిప్పొద్దు."

శనివారం తెల్లారుతుండగానే వచ్చాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అంటుకున్న దుమ్ము చూసి మొహం చిట్లించాడు.

"ఏం బామ్మర్దీ, కారు తుడిపించే ఓపిక కూడా లేదా?"

"తుడిచేవాణ్ణి ఆదివారమే మాన్పించాం బావా," అన్నాడు ఆమె భర్త. "దొంగ."

ఆ తుడిచే ముసలాయన్ని వీధిలో అందరూ పిల్లి అనేవారు. వచ్చేదీ పోయేదీ చప్పుడుండదు. చప్పుడు చేయనివాడంటే లోకానికి ఎప్పుడూ కాస్త అనుమానమే. లోపల కూడా తుడవాలి గనక తాళం ఒకటి అతని దగ్గరే ఉండేది.

"ఒకరోజు పొద్దున్నే బానెట్ మీద సంచి పెట్టబోతే చేతికి వెచ్చగా తగిలిందన్నయ్యా," అంది ఆమె. "తర్వాత చూసినప్పుడూ అంతే. మేం నిద్రలో ఉంటే మా బండిని కిరాయికి తిప్పుకుంటున్నాడు!"

"పేరుకు తగ్గట్టే కళ్లు మూసుకుని పాలు తాగాడు," అని భర్త నవ్వాడు.

"అడిగితే ఏమన్నాడు?"

"ఎక్కడికీ తీసుకెళ్లలేదట. బండికి చలేస్తుందట! పార్కింగులో ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. పైగా పోతూ పోతూ నాకే ఆర్డరు వేసి మరీ పోయాడు," అంది ఆమె.

మెకానిక్ నవ్వలేదు. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజను లేచింది, వణికింది, ఆగిపోయింది.

మళ్లీ తిప్పి, ఈసారి యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా ఆనించి ఉంచాడు. ఇంజను కాసేపు మొరాయించి కుదురుకుంది. ఆయన ఇంకాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత కాలు తీసేసినా అది ఆగలేదు.

ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఒక వైరు ఊడదీసి చూపించాడు. దాని మూతి పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఇంజను చల్లగా ఉందో వేడిగా ఉందో చెప్పే సెన్సారు ఇది. చల్లగా ఉన్నదాని మీద వేడిగా ఉందని చాడీలు చెబుతోంది. దాంతో చలిలో కావలసినంత పెట్రోలు అందట్లేదు. మార్చేస్తే సరిపోతుంది."

"హమ్మయ్య!"

"కానీ చెల్లెమ్మా, ఇంత చిలుము వారంలో పట్టదు. ఇది ఏడాది నాటి జబ్బు."

"ఏడాదా? పోయిన వారం దాకా ఒక్కరోజు కూడా ఆగలేదే!"

"ఆగనివ్వలేదు." ఆయన చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు కిందికి దిగేలోపు ఎవరో ఇప్పుడు నేను కూర్చున్నట్టే కూర్చుని, దీన్ని వేడి చేసి పెట్టారు. ఇది జబ్బని పాపం అతనికీ తెలిసుండదు. చలికి వణుకుతోందనే అనుకుని ఉంటాడు."

భర్త నేల చూపులు చూశాడు.

ఆమె ఉన్నపళంగా వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తింది.

"పిల్లి గురించా? వెళ్లిపోయాడమ్మా. దొంగన్న పేరు పడ్డాక ఈ వీధిలో తాళం ఎవరిస్తారు?"

"ఇల్లెక్కడ?"

"ఏమో! ఎప్పుడైనా అడిగామా?"

తిరిగి వచ్చేసరికి మెకానిక్ బానెట్ మూస్తున్నాడు. "చిలుము గీకి బిగించాను. ఇప్పుడు వేడి మీదుంది, ఆగదు. ధైర్యంగా వెళ్లిరా. సాయంత్రం కొత్తది వేస్తా."

అత్తగారు వెనక సీట్లో సర్దుకుని కూర్చుంది.

"ఇవాళ మళ్లీ మునుపట్లా ఉందే బండి," అంది తృప్తిగా.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఇంజను ఆగలేదు.

స్టీరింగ్ మీద చేతులుంచి, ఎర్రదీపం వంక చూస్తున్న కోడలికి కళ్లు మసకబారాయి. ఆ ఆదివారం అంతమంది నవ్వుల మధ్య పిల్లి తాళాన్ని ఆమె చేతిలో పెట్టి, తల ఎత్తకుండా వేసిన ఆర్డరు ఒక్కటే.

"మంగళవారం మాత్రం ఓ పావుగంట ముందు కిందికి దిగండమ్మా... పెద్దమ్మగారికి ఆలస్యం కాకూడదు."