లూర్దు నవలలో పెళ్ళి

గన్నవరం, 10-2-74

చెల్లి శౌరమ్మకు అక్క దీవెనలు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మరిదిగారి దగ్గు ఎలా ఉంది? కోడలికి జ్వరం విడిచిందా? ఇక్కడ నాకు కంటిమీద కునుకు లేదు.

అల్లుడు చనిపోయిన ఏడాది మన లూర్దు మొదలుపెట్టిన నవలతోనే నా బెంగంతా. అందులో మొగుడు పోయిన పిల్ల చివరిదాకా ఒంటరిగానే ఉండిపోతుంది. బెజవాడలో అచ్చువేసే ఆయన చదివి, “ఆ అమ్మాయికి మళ్ళీ పెళ్ళి చేయండి, అప్పుడే వేస్తాను” అన్నాడట. సరేనని మార్చి రాసింది.

అది లూర్దు మామగారు చదివారు. “గుళ్ళో ఫాదరుగారు ఆ పిల్ల పెళ్ళి చాటింపు వేస్తుంటే అత్తమామలు ఏ మొహంతో వినాలమ్మా? తీసెయ్” అన్నారు. తీసేసి పంపితే అచ్చువేసే ఆయన కుదరదన్నాడు.

ఇప్పుడు అన్నం మానేసి కాగితాల ముందు కూర్చుంది. “నువ్వు చెప్పమ్మా, పెళ్ళి ఉంచనా, తీసెయ్యనా?” అంటుంది. పెద్దగా చదువుకోని దాన్ని, నాకేం తెలుసు? “కథేగా, నీ ఇష్టమొచ్చినట్టు రాసుకోవే” అన్నాను. భోరున ఏడ్చింది.

ఎందుకో నిన్న తెలిసింది. అచ్చువేసే ఆయన వాళ్ళమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తున్నాడు. నవల కోసం కాదట. లూర్దు మామగారికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. నువ్వూ వచ్చి పక్కన కూర్చో. ఫిబ్రవరి పదిహేడు, ఆదివారం, గుళ్ళో పూజ అయ్యాక.