చొక్కా తిన్న కుక్క

“చొక్కా తిన్న కుక్క కుందేల్ని తినదని ఏమిటి నమ్మకం?” అంది భార్య, చీపురు చేతిలోంచి దించకుండా.

“తిన్నదని ఎవరు చూశారు?” అన్నాడు బస్సు డ్రైవరు, తన కుక్క బండోడి గొలుసు మణికట్టుకి చుట్టుకుంటూ.

“మరేమైనట్టు? విప్పి కుర్చీ మీద పడేసిన చొక్కాకి కాళ్ళొచ్చాయా? నా చెప్పు కొరికిందెవరు? చాప పీకి పందిరేసిందెవరు?”

చెప్పు సంగతి నిజమే, చాప సంగతీ నిజమే. ఉన్న రెండు ఖాకీ చొక్కాల్లో ఒకటి మాయమై వారం దాటింది. మిగిలినదాన్నే రోజూ ఉతుక్కుని, తడి ఆరీ ఆరకుండానే తొడుక్కుని బస్సెక్కుతున్నాడు. ఇవాళ పొద్దున్న కూడా మంచమంతా దులిపి చూశాడు. చొక్కా దొరకలేదు గానీ, తన తలగడ కింద పిల్ల సాక్సు మాత్రం మళ్ళీ దొరికింది. ఉతికిన బట్టల్లో ఎలా కలిసిపోతోందో ఏమో, రోజూ ఇదే తంతు. రోజూలాగే తీసి పిల్ల బట్టల అరలో పడేశాడు.

పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఈ ఇంటికి అతను తెచ్చుకున్న ఆస్తల్లా ఒక ట్రంకుపెట్టె, ఒక కుక్క. ఆమెకి అప్పటికే బడికెళ్ళే కూతురుంది. ఆ కూతురికి ముల్లంగి అని ఒక తెల్ల కుందేలుంది. భార్య మాట ఖరాఖండీగా చెప్పేసింది. ఇవాళ కుక్కకీ కుందేలుకీ మధ్యనున్న జాలీ తలుపు తీసినప్పుడు కుక్క ఒక్కసారి ఎగబడినా సరే, సాయంత్రానికల్లా డిపో వాచ్‌మన్‌కి ఇచ్చేయాలి. ఆ వాచ్‌మన్ కుక్కల్ని రోజంతా స్తంభానికి కట్టేసే రకం. ఆ మాట విన్న దగ్గర్నుంచీ డ్రైవరుకి ముద్ద దిగడం లేదు.

రెండింటినీ మచ్చిక చేయడానికి పశువుల డాక్టరు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశారు. బండోడు పడుకున్న గుడ్డ ముల్లంగి పక్కలో, ముల్లంగిని తుడిచిన గుడ్డ బండోడి పక్కలో వేశారు. ఆ తర్వాత జాలీకి చెరోవైపు తిండి పెట్టారు. గుడ్డలు మార్చే పని పిల్లదే. శ్రద్ధగా చేసింది గానీ డ్రైవరుతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏం కావాలన్నా తల్లితోనే చెప్పిస్తుంది.

“అమ్మా, గొలుసు గట్టిగా పట్టుకోమను,” అంది ఇప్పుడు కూడా, జాలీ అవతల నుంచి.

“పట్టుకున్నానని చెప్పు,” అన్నాడు డ్రైవరు భార్యతో.

“ఎదురెదురుగానే ఉన్నారుగా! మధ్యలో నేనెందుకు?” విసుక్కుంది ఆమె. “కానివ్వండి, డ్యూటీ టైమవుతోంది.”

పిల్ల తలుపు తీసింది.

ముల్లంగి అట్టపెట్టెలోంచి మూతి బయట పెట్టి, కుక్కని చూసి, వెనక్కాలితో నేలని టప్పున కొట్టింది. బండోడు కొయ్యబారిపోయాడు. చెవులు నిక్కాయి, చూపు కుందేలు మీదే గుచ్చుకుంది. అలా చూస్తేనే ప్రమాదమని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఇరుకు సందుల్లో బస్సు తిప్పినప్పుడు కూడా పట్టని చెమట డ్రైవరు వీపంతా పట్టింది.

“బండోడా,” అన్నాడు మెల్లగా. కుక్క కదల్లేదు. భార్య చీపురెత్తింది.

“బండోడా, ఇటు చూడరా నాయనా.”

కుక్క తల తిప్పింది. అతని చేతిలో బిస్కెట్టు అందుకుంది. ఒకసారి ఆవలించి అక్కడే పడుకుండిపోయింది. కాసేపటికి ముల్లంగి పెట్టెలోంచి వచ్చి, దూరం నుంచే గాలి వాసన చూసి, నిమ్మళంగా కాళ్ళు చాపుకుని పక్కకి ఒరిగింది.

డ్రైవరు హమ్మయ్య అనుకునేలోపే భార్య తల అడ్డంగా ఊపింది.

“ఇవాళంటే మీరున్నారు, గొలుసుంది. రేపు మీరు బస్సులో, నేను కొట్లో. పిల్ల ఒక్కత్తే ఏం చేస్తుంది? చొక్కా మింగిన నోరది. నా వల్ల కాదు, సాయంత్రం ఇచ్చేసి రండి.”

కొత్త కాపురంలో గొడవ పడే ధైర్యం అతనికి లేదు. “సరే,” అన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. మొహం కనబడకుండా కుక్క మెడ నిమురుతూ కూర్చున్నాడు.

పిల్ల గబగబా ముల్లంగిని లోపల పెట్టి జాలీ తలుపు వేసింది. తన గదిలోకి పరిగెత్తి, ఉండలా చుట్టిన ఖాకీ చొక్కా ఒకటి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

“బండోడు తినలేదు. నా దుప్పట్లో ఉంది.”

“నీ దుప్పట్లోనా? ఇంత మాసిన చొక్కా ఎందుకే నీకు?”

పిల్ల గోళ్ళు గిల్లుకుంది. “గుడ్డ పక్కలో పెట్టుకుని పడుకుంటే కొత్తవాళ్ళ వాసన అలవాటవుతుందని డాక్టరు గారు చెప్పారుగా. భయం కూడా పోతుందన్నారు. ముల్లంగికి పోయింది.”

భార్య చీపురు గోడకి ఆనించింది. డ్రైవరు లేచి ఆ చొక్కా అందుకున్నాడు.

“ఒక్క మాట నాతో చెప్పి ఉంటే నేనే ఇచ్చేవాణ్ణి కదమ్మా,” అన్నాడు.

పిల్ల మొదటిసారి తల్లి వైపు తిరగకుండా, నేరుగా అతని మొహంలోకి చూసింది.

“నేను రోజూ మీ తలగడ కింద నా సాక్సు పెడుతూనే ఉన్నాను. మీరే రోజూ తీసేస్తున్నారు. ఇలాగైతే నేను మీకెప్పటికి అలవాటవుతాను?”